గోదారి తేమలో ఆర్ట్ పుస్తకాలు: కొన్న రోజు నుంచి వరద రోజు దాకా

తొలకరి పడిందంటే చాలు, అమలాపురం, నరసాపురం, యానాం వైపు నుంచి ఒకటే ప్రశ్న: “ఫొటోల పుస్తకం పేజీలు అతుక్కుపోతున్నాయండీ, ఏం చేయాలి?” అందరికీ విడివిడిగా జవాబు రాసే బదులు మొత్తం పద్ధతి ఒక్కచోట పెడుతున్నాను.

ముందే ఒక మాట. నవలలకు చేసే వైద్యం ఆధునిక చిత్రకళ, ఆర్కిటెక్చర్, డిజైన్, ఫొటోగ్రఫీ పుస్తకాలకు చేస్తే అవి ఇంకా పాడవుతాయి. ఎండలో పెట్టడం, పచ్చి వేపాకు వేయడం, ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటకెక్కించడం, ఇవన్నీ ఆ కోవలోవే.

1. మీ దగ్గరున్నది ఏ కాగితమో తేల్చుకోండి

మెరిసే ఆర్ట్ పేపర్ మీద తెల్లమట్టి, సుద్ద లాంటి పూత ఉంటుంది. రంగులు అంత స్పష్టంగా పడేది ఆ పూత వల్లే. దాన్ని కాగితానికి పట్టి ఉంచేది ఒక బంక. నీళ్ళు తగిలితే ఆ బంక మెత్తబడుతుంది, ఎదురుగా ఉన్న పేజీ పూతతో కలిసిపోతుంది. అలాగే ఆరిందా, రెండు పేజీలూ ఒకటే అట్ట. మళ్ళీ విడదీసే దారి ఉండదు.

మెరుపు లేని మ్యాట్ ఆర్ట్ పేపర్‌కూ పూత ఉంటుంది. చాలామంది పొరపడేది ఇక్కడే. పేజీ మూల వెలుతురుకు వాలుగా పట్టి చూడండి. కాగితపు పీచు కనిపించకుండా ఒకే పలకలా ఉంటే పూత ఉన్నట్టే. అనుమానంగా ఉంటే ఉన్నట్టే అనుకోండి.

పుస్తకాలను మూడు వరసలు చేయండి.

- మొదటి వరస: ఆర్ట్ పేపర్ మీద అచ్చయిన ఫొటో పుస్తకాలు, పెయింటింగ్ పుస్తకాలు, కళాపత్రిక ‘మార్గ్’ పాత సంచికల్లాంటివి. ఏ ఆపద వచ్చినా ముందు వీటినే చూడాలి.
- రెండో వరస: బొమ్మలు విడిగా అచ్చేసి పేజీ మీద పైఅంచున మాత్రమే అతికించినవి. స్విట్జర్లాండ్‌లోని స్కిరా సంస్థ వేసిన పాత కళాపుస్తకాలు ఈ బాపతు. తేమకు ఆ బంక వదిలేసి బొమ్మ జారిపోతుంది.
- మూడో వరస: పూత లేని కాగితం మీద స్కెచ్‌లు, ప్లాన్లు, వ్యాసాలు ఉన్నవి. వీటికి కాస్త ఓపిక ఎక్కువ.

2. పాత పుస్తకం కొనేటప్పుడు

హైదరాబాదు కోఠి, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద గానీ విజయవాడ పుస్తకాల పండగలో గానీ ధర బాగుంది కదా అని ఎత్తుకొచ్చేయకండి. ఇంట్లో ఉన్న మంచి పుస్తకాలకు బూజు అంటుకునేది ఇలా వచ్చిన చుట్టం నుంచే.

పుస్తకం మూసి కింది అంచు చూడండి. అలలా వంకర తిరిగి ఉంటే ఎప్పుడో తడిసి ఆరింది. తరవాత బొటనవేలితో పేజీలు జారవిడుస్తూ వినండి. పొడి పుస్తకం గలగలమంటుంది. మధ్యలో ఎక్కడైనా ‘చిర్ర్’మని చిన్న చప్పుడు వస్తే అక్కడ రెండు పేజీలు అంటుకోబోతున్నాయి. ఆ చోటు తెరిచి చూడండి. ఒక పేజీలో ఆకాశం నీలం మధ్య తెల్లటి చుక్క, ఎదుటి పేజీలో సరిగ్గా అదే చోట నీలం పెచ్చు కనిపిస్తే కింద పెట్టేయండి, ఎంత చవకైనా సరే.

- బొమ్మల జాబితా ఉంటే లెక్క సరిపోయిందా? రంగు బొమ్మలు చింపి ఫ్రేము కట్టించుకునేవాళ్ళు తక్కువేం కాదు.
- ఆర్కిటెక్చర్ పుస్తకమైతే మడత ప్లాన్లు అన్నీ ఉన్నాయా, మడతల దగ్గర చిరిగాయా?
- పేజీల మధ్య లోపలికి చూస్తే కుట్టు దారం కనిపిస్తోందా? జిగురుతో మాత్రమే అతికించినదైతే పూర్తిగా తెరిచినప్పుడు వెన్ను పటపటమంటుంది.
- పిన్నులు కొట్టిన పల్చటి ఎగ్జిబిషన్ కేటలాగ్ అయితే పిన్నుల చుట్టూ తుప్పు ఉందా?
- ముక్కిన వాసన వస్తోందా? వస్తే ఇంటికి తెచ్చాక నెల రోజులు వేరే గదిలో ఉంచాల్సిందే.

3. సామాను

- తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు, అంటే హైగ్రోమీటర్. ఆన్‌లైన్‌లో చవగ్గానే వస్తుంది.
- మూత బిగుతుగా పట్టే పెద్ద ప్లాస్టిక్ పెట్టెలు. అడుగున పీపీ అని గానీ 5 అంకె గానీ ఉన్నవి చూసి కొనండి.
- సిలికా జెల్. నారింజ రంగు గింజలు మేలు. తేమ పీల్చాక ఆకుపచ్చకు తిరుగుతాయి. నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో వద్దు.
- కేకులు చేసేవాళ్ళు వాడే సిలికాన్ పూత బేకింగ్ పేపర్. ట్రేసింగ్ పేపర్ పనికిరాదు, తడిస్తే ముడుచుకుపోతుంది.
- అచ్చు లేని తెల్ల బ్లాటింగ్ పేపర్, మెత్తటి వెడల్పు బ్రష్, ఎన్-95 మాస్కులు, ఉతికిన నూలుగుడ్డలు.

మీటరు కొన్న రోజే పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేన్ని నీళ్ళు చుక్కలు చుక్కలుగా కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. దాన్నీ మీటరునూ ఒక డబ్బాలో పెట్టి మూత బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు 5 తక్కువ చెబుతోందని డబ్బా మీద రాసుకోండి, చాలు.

మనకు కావలసింది 45 నుంచి 55 శాతం. 65 దాటి కొన్నాళ్ళు ఉంటే బూజుకు పండగే. మన తీరంలో ఏడాదిలో చాలా నెలలు బయటి గాలే 70 పైన ఉంటుంది. అందుకే గది మొత్తాన్నీ పొడిగా ఉంచాలని టెన్షన్ పడొద్దు. పెట్టెను పొడిగా ఉంచితే చాలు.

4. ఎక్కడ పెట్టాలి

మండువా ఇంట్లో నడిమధ్య వాన పడుతుంటే ఎంత బాగుంటుందో, దాని చుట్టూ ఉన్న వసారా పుస్తకాలకు అంత చెడ్డది. సున్నపు గోడలోని గూళ్ళు కూడా అంతే. చూడ్డానికి అందం, లోపల చెమ్మ. పెంకుటింటి అటక మీద వేడి, ఎలుకలు, కారే పెంకులు. డాబా ఇంట్లో పడమటి గోడ, బాత్రూం గోడ వదిలేయండి. ఇంటి లోపలి గోడకు, రెండు మూడు అంగుళాలు ఎడం ఉంచి అర వేయండి.

స్టీలు బీరువా మంచిదే. కానీ ఏసీ గదిలో ఉంటే జాగ్రత్త. ఏసీ ఆపి తలుపు తీయగానే బయటి తేమగాలి లోపలికొచ్చి చల్లటి అట్టల మీద చెమట పడుతుంది. రాత్రంతా ఏసీ, పగలంతా ఉక్కపోత, ఈ ఊగిసలాట కన్నా అసలు ఏసీ లేని గదే నయం.

ఇక ఎత్తు. 1986 ఆగస్టు వరదలో గానీ, 1996 నవంబరు 6న కోనసీమను ఊపేసిన తుపానులో గానీ మీ ఇంట్లో నీళ్ళు ఎంతదాకా వచ్చాయో పెద్దవాళ్ళని అడగండి. 2022 జులై వరద మీరే చూసి ఉంటారు. ఆ గీత కన్నా పైనే మొదటి వరస పుస్తకాల అర ఉండాలి. మిగతా సలహాలు కుదిరినా కుదరకపోయినా ఇది మాత్రం వదలొద్దు.

పెద్ద సైజు పుస్తకాలు పడుకోబెట్టండి, ఒకదాని మీద ఒకటి మూడుకు మించకుండా. చండీగఢ్ మీద వచ్చిన ఆర్కిటెక్చర్ పుస్తకం లాంటి బరువైన దాన్ని నిలబెడితే లోపలి కాగితాల బరువుకే వెన్ను ఊడి వస్తుంది. నిలబెట్టినవి వాలిపోకుండా ఆసరా ఇవ్వండి. అర మీద న్యూస్ పేపర్ పరవడం మానేయండి. ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది, అచ్చు రంగూ అంటుతుంది. మందపాటి తెల్ల కాగితం చాలు.

కిటికీ ఎండ పడే చోటైతే అచ్చు రంగుల్లో పసుపు, గులాబీ ముందు వెలిసిపోతాయి. అలా వెలిసిన జాకెట్లు, అంటే అట్ట మీద వేసే విడి కాగితపు తొడుగులు, నీలంగా మిగులుతాయి. పరదా వేయండి.

5. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య: ఏడాదికోసారి చేసే సర్దుడు

పుస్తకాలు పెట్టెల్లోకి ఎక్కించాల్సింది జూన్‌లో కాదు. అప్పటికే కాగితం తేమ పీల్చేసి ఉంటుంది. సంక్రాంతి వెళ్ళాక పొడిరోజు చూసుకోండి. పొద్దున మంచు కురిసినా మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా గాలి పొడిగా ఉంటుంది. మీటరు 60 లోపు చూపించినప్పుడే మొదలుపెట్టండి. వరస ఇదీ:

1. ముందు ఖాళీ పెట్టెలు తుడిచి, మూత తీసి రెండు రోజులు ఆరనివ్వండి.
2. పుస్తకాలు తీసి బల్ల మీద, నీడలో, అట్టలు కొంచెం తెరుచుకునేలా నిలబెట్టండి. ఫ్యాను దూరంగా తిరగాలి, నేరుగా తగలకూడదు.
3. గంట తరవాత ప్రతి పుస్తకాన్నీ పదేసి పేజీల చొప్పున తిప్పండి. దుమ్ము బ్రష్‌తో వెన్ను నుంచి బయటకు తోయండి.
4. పీవీసీ కవర్లు వేసి ఉంటే తీసేయండి. ఆ ప్లాస్టిక్ కొన్నేళ్ళకు జిడ్డు వదిలి అచ్చును పట్టుకుంటుంది. కావాలంటే పాలియెస్టర్ షీటుతో జాకెట్ చుట్టండి.
5. కొత్త డిజైన్ పుస్తకాల మీద చేతికి వెల్వెట్‌లా తగిలే పూత ఉంటుంది చూశారా, తేమకు అది జిగటవుతుంది. అలాంటి రెండు పుస్తకాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో బేకింగ్ పేపర్ పెట్టండి.
6. పెట్టెలో పుస్తకాలు సర్ది, పలచటి గుడ్డసంచిలో పావుకిలో నుంచి అరకిలో సిలికా జెల్, ఒక మీటరు పెట్టి మూత బిగించండి.
7. మూడో రోజు మూత తీయకుండా మీటరు చూడండి. 60 పైన ఉంటే జెల్ మార్చండి. 40 కన్నా దిగితే కొంత జెల్ తీసేయండి. మరీ ఎండితే అట్టలు వంకర తిరుగుతాయి.

ఆకుపచ్చకు తిరిగిన గింజలను వంటకు వాడని పాత మూకుట్లో సన్నసెగ మీద కలుపుతూ వేడి చేస్తే మళ్ళీ నారింజకు వస్తాయి. సెగ పెంచితే టపటపా పగిలిపోతాయి.

పిన్నులు కొట్టిన కేటలాగుల సంగతి కూడా ఈ రోజుల్లోనే చూడాలి. ఉప్పుగాలికి పిన్నులు తుప్పెక్కి కాగితాన్ని తినేస్తాయి. పల్చటి చాకు మొనతో పిన్ను కాళ్ళు నిలబెట్టి మెల్లగా తీసి, అవే చిల్లుల్లోంచి తెల్ల నూలుదారంతో కుట్టి లోపల ముడి వేయండి. పది నిమిషాల పని.

6. ముసురు నెలల్లో

పెట్టెలో ఉన్నవాటిని వారానికోసారి మీటరు చూసి వదిలేయడమే. ఊరికే మూత తీయకండి. చదువుకోవాలంటే తీయండి, పుస్తకం ఉన్నది అందుకే కదా! చదివిన వెంటనే పెట్టెలో పడేయకుండా పొడి మధ్యాహ్నం దొరికేదాకా బయటి అరలో ఉంచండి.

అరలో ఉన్నవాటిని పదిహేను రోజులకోసారి, వాన తెరిపిచ్చినప్పుడు తీసి పేజీలు తిప్పండి. అరలో ఇరికించి పెట్టకండి, రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి.

7. పురుగులు

సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగు బంక ఉన్నచోట గీకుతుంది. బొద్దింక అట్టల మీద మరకలు వేస్తుంది. చెద వస్తే నేల, గోడ చూసుకోవాలి, పుస్తకం ఒక్కటీ చూసి లాభం లేదు. వేపాకు వేస్తే పూర్తిగా ఎండినదే, గుడ్డలో కట్టి. పచ్చి ఆకు వేస్తే తేమను మనమే లోపలికి పంపినట్టు. పసుపు చల్లకండి, మరక పోదు. కలరా ఉండల ఆవిరి మనుషులకే మంచిది కాదు, అందులోనూ పసిపిల్లలకు.

పురుగు పట్టిన పుస్తకాన్ని రెండు పాలిథీన్ కవర్లలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటకు తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. ఫ్రిజ్ పైఅర సరిపోదు.

8. తడిసిందా? మొదటి ఆరు గంటలు

లంక గ్రామాల్లో, ఏటిగట్టుకు దగ్గర్లో ఉంటే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదారి నీటిమట్టమే మీ గడియారం. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. అప్పుడే కింది అరలు ఖాళీ చేయండి. 13.75 దగ్గర రెండోది వచ్చేసరికి పెట్టెలన్నీ మేడ మీద గానీ చుట్టాలింట్లో గానీ ఉండాలి. 17.75 దగ్గర మూడోది వచ్చాక పుస్తకాల గురించి ఆలోచించే పని లేదు, మనుషులు బయటపడాలి.

అయినా తడిశాయనుకోండి. ఆర్ట్ పేపర్‌కు ఉన్న సూత్రం వినడానికి వింతగా ఉంటుంది: విడదీసే ఏర్పాటు అయ్యేదాకా దాన్ని ఆరనివ్వకూడదు. సగం ఆరిన స్థితిలోనే పేజీలు అంటుకుంటాయి. ఆరు గంటల్లోపు పని మొదలవ్వాలి, లేదా పుస్తకం ఫ్రీజర్లో గడ్డకట్టాలి. మామూలు కాగితం పుస్తకాలకు రెండు రోజుల వ్యవధి ఉంటుంది, ఆ తరవాత బూజు మొదలవుతుంది.

1. మొదటి వరస పుస్తకాలు ముందు తీయండి. రెండు చేతులతో, కింద నుంచి. తడి పుస్తకం బరువుకు అట్ట చేతిలోకి వచ్చేస్తుంది.
2. ఒండ్రు పట్టి ఉంటే పుస్తకం మూసి పట్టుకుని మంచినీళ్ళ తొట్టిలో ముంచి కడగండి. తెరవొద్దు, రుద్దొద్దు. మామూలు ఆఫ్‌సెట్ అచ్చు నీళ్ళకు కారదు. కానీ ఇంకు సంతకాలు, చేత్తో రంగులు వేసిన బొమ్మలు ఉన్నవాటిని కడగకండి.
3. జాకెట్ సులువుగా వస్తే తీసి విడిగా బేకింగ్ పేపర్ మీద పరచండి. రాకపోతే లాగకండి.
4. ఆ రోజే చేయగలిగినవి ఒకటో రెండో పక్కన పెట్టుకోండి. మిగతావి ఒక్కొక్కటీ బేకింగ్ పేపర్లో వదులుగా చుట్టి, పాలిథీన్ కవర్లో పెట్టి, వెన్ను కిందికి ఉండేలా డీప్ ఫ్రీజర్లో నిలబెట్టండి. గడ్డకట్టాక తొందర లేదు, నెలల తరవాత చూసుకున్నా నష్టం లేదు.
5. తుపాను తరవాత కరెంటు ఉండదు కదా? భీమవరం వైపు ఈ కష్టానికి విరుగుడు వీధి చివరే ఉంది. రొయ్యలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టె కొత్తది తెచ్చి, అడుగున ఐస్, దాని మీద కవర్లలో నీరు చొరకుండా చుట్టిన పుస్తకాలు, పైన మళ్ళీ ఐస్. గడ్డకట్టకపోయినా చల్లదనం రెండు రోజులు కలిసొచ్చేలా చేస్తుంది. కరిగిన నీళ్ళు వంపేసి ఐస్ మారుస్తూ ఉండండి. కోల్డ్ స్టోరేజీలో తెలిసినవాళ్ళుంటే ఒక మూల అడగండి.
6. ఇప్పుడు చేతిలో ఉన్న పుస్తకం. బల్ల మీద పడుకోబెట్టి మొదటి పేజీ మూల పల్చటి ప్లాస్టిక్ స్కేలుతో లేపండి. పేజీ పైకి రావడానికి నీళ్ళే సాయం చేస్తాయి. మొండికేస్తే కొద్దిగా చల్లటి నీళ్ళు చిలకరించి ఆగండి. ప్రతి రెండు పేజీల మధ్యా ఒక బేకింగ్ పేపర్, అంచు కాస్త బయటకు వచ్చేలా. వంద పేజీల పుస్తకానికి పూట పడుతుంది.
7. బేకింగ్ పేపర్ నీళ్ళు పీల్చదు, అతుక్కోకుండా ఆపుతుందంతే. అందుకని పదేసి పేజీలకొక బ్లాటింగ్ పేపర్ పెట్టి, గంటకోసారి మార్చండి. పుస్తకాన్ని కొద్దిగా విసనకర్రలా తెరిచి నిలబెట్టండి. గదిలో గాలి ఆడాలి, ఎండ పడకూడదు, హెయిర్ డ్రయ్యర్ అసలు వద్దు.
8. చేతికి చల్లగా తగలడం మానేసేదాకా ఆరనట్టే. అప్పుడు కూడా బేకింగ్ పేపర్లు తీయకుండా, రెండు చెక్క పలకల మధ్య బరువు పెట్టి వారం ఉంచండి.

పుస్తకం ముడతలు లేకుండా కొత్తదానిలా వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. పేజీలు విడిగా తిరిగితే గెలిచినట్టే.

ఈపాటికే ఆరి అంటుకున్నవి? రాజోలు నుంచి ఒకరు ఆవిరి పట్టవచ్చా అని అడిగారు. వద్దు. పూత లేచి బొమ్మ సగం ఈ పేజీకి, సగం ఆ పేజీకి పోతుంది. విడిగా ఉన్న పేజీలను ఫొటోలు తీసి పెట్టుకుని, మిగతాదాన్ని కదపకండి. నిజంగా విలువైన పుస్తకమైతే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం పరిరక్షణ విభాగాన్ని గానీ లక్నోలోని జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనశాలను గానీ సలహా అడగండి.

9. బూజు కనిపిస్తే

తడిగుడ్డతో తుడవడమే అందరూ చేసే తప్పు. ఆ తడితో బూజు పూతలోకి ఇంకుతుంది. డెట్టాల్, కొబ్బరినూనె రెండూ వద్దు. పుస్తకాన్ని కాగితం సంచిలో పెట్టి మిగతావాటి నుంచి వేరు చేయండి. పొడి గదిలో నాలుగైదు రోజులు ఆరనివ్వండి. బూజు పొడిగా, పిండిలా మారాక మాస్కు వేసుకుని, వరండాలో గాలివాటం చూసుకుని, బ్రష్‌తో మీ నుంచి దూరంగా తోయండి. ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ పనికి కూర్చోకూడదు. బ్రష్ సబ్బునీళ్ళతో కడిగి ఎండబెట్టాకే ఇంకో పుస్తకానికి వాడాలి.

మచ్చ మిగిలితే మిగలనివ్వండి. మచ్చ పోగొట్టబోయి బొమ్మ పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ.

10. బైండింగ్‌కు ఇచ్చేటప్పుడు

మన ఊళ్ళ బైండర్లకు చేయి తిరిగినవి అకౌంటు పుస్తకాలు, స్కూలు పుస్తకాలు. పని బాగానే చేస్తారు, కానీ అలవాటు కొద్దీ మూడు వైపులా కటింగ్ మిషన్ పెట్టేస్తారు. ఫొటో అంచుదాకా అచ్చయిన పుస్తకంలో అలా పోయిన అరంగుళం తిరిగి రాదు. పక్క నుంచి పొడిచి కుట్టినా కష్టమే. రెండు పేజీలకూ పరుచుకున్న బొమ్మ నడుమ కుట్టులోకి పోతుంది.

అందుకని పుస్తకం ఇచ్చేటప్పుడు దగ్గరుండి చెప్పండి, చీటీ కూడా రాసి లోపల పెట్టండి:

- కటింగ్ వద్దు, ఒక్క వైపు కూడా.
- పాత కుట్టు బాగుంటే విప్పొద్దు. విప్పాల్సి వస్తే ఫారాల (మడిచిన పేజీల కట్టల) మడతలోంచే కుట్టాలి.
- అసలు అట్ట, జాకెట్ పారేయొద్దు, తిరిగి ఇవ్వాలి.
- లామినేషన్ వద్దు. చిరిగినచోట సెల్లోటేపు వద్దు.
- మైదా పేస్టు వాడితే పూర్తిగా ఆరాకే ఇవ్వాలి. ముసురు రోజుల్లో పని ఒప్పుకోవద్దు, ఫిబ్రవరిలో ఇస్తాం.